పసిబిడ్డ మాడు మీద పక్కు: నూనె చాలకనా, ఎక్కువయ్యా?

ఆళ్లగడ్డ వైపు ఒక ఇల్లు. కాన్పుకు పుట్టింటికొచ్చిన అమ్మాయి, నెలన్నర బిడ్డ. నీళ్లు కాగాయి. అవ్వ పీట మీద కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తోంది. చేయి తల మీదికి రాగానే ఆగింది. మాడు మీద పసుపుపచ్చగా, చేప పొలుసుల్లాగా పక్కు కట్టి ఉంది.

"ఏమ్మే, బిడ్డ మాడుకు ఆముదం పెట్టల్యా? ఎట్ల ఎండిపోయిందో సూడు."

"రోజూ పెడతానే ఉండా కదమ్మా."

చిక్కు ఇక్కడే ఉంది. రోజూ నూనె పెడుతుంటే తల ఎందుకు ఎండుతుంది? ఎండితే ఆ పక్కు వేలికి జిడ్డుగా ఎందుకు తగులుతుంది? అవ్వ ఇంకో చెంచా ఆముదం పోస్తుంది. వారం తిరిగేసరికి పక్కు మరింత మందమవుతుంది. "నువ్వు పత్యం సరిగా ఉండల్యా, అందుకే పాలు వేడిచేసినాయి" అని నేరం చివరికి బాలింత మీద పడుతుంది.

నంద్యాల జిల్లాలోనే కాదు, ప్రపంచమంతటా పసిబిడ్డల తల మీద ఇలాంటి పక్కు కడుతుంది. ఇంగ్లీషు వాళ్లు దీన్ని క్రేడిల్ క్యాప్ అన్నారు, అంటే ఉయ్యాల టోపీ. ఫ్రెంచివాళ్లు, స్పెయిన్ వాళ్లు పాలపెచ్చు అంటారు. పాల మాట వాళ్ల పేర్లలోనూ ఉందన్నమాట. వైద్యుల చీటీలో దీని పేరు సెబోరిక్ డెర్మటైటిస్, అంటే చర్మపు జిడ్డు ఊరేచోట్ల వచ్చే వాపు. పాలకూ పత్యానికీ దీనితో సంబంధం లేదు. అశుభ్రం వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. బిడ్డకు సాధారణంగా దురద కూడా ఉండదు. హాయిగా పాలు తాగి నిద్రపోతుంది. నిద్రపట్టనిది ఇంట్లో పెద్దవాళ్లకే.

బిడ్డ తలలో గానుగ

ఈ కథ బిడ్డ కడుపులో ఉండగానే మొదలవుతుంది. చర్మంలో ప్రతి వెంట్రుక మొదలు దగ్గరా ఒక చిన్న జిడ్డుగ్రంథి ఉంటుంది. అదొక బుల్లి నూనె గానుగ అనుకోండి. తల మీద, ముఖం మీద ఈ గానుగలు మరీ దట్టంగా ఉంటాయి. గానుగకు ఎద్దు కావాలి కదా, ఇక్కడ ఆ ఎద్దు హార్మోన్లు. తల్లి ఒంట్లోని హార్మోన్లు కొన్ని మాయ గుండా బిడ్డకు చేరతాయి. బిడ్డ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కూడా సొంతంగా కొన్నిటిని తయారుచేస్తాయి. ఇవన్నీ కలిసి గానుగలను జోరుగా తిప్పుతాయి.

అలా తిరగడం వల్ల బిడ్డకు మేలే జరిగింది. పుట్టినప్పుడు ఒంటి మీద వెన్న రాసినట్టు తెల్లటి పూత కనిపిస్తుంది. అందులో ఎనభై శాతం దాకా నీరే. మిగతాదాంట్లో కొవ్వు, ప్రోటీను సగం సగం. ఆ కొవ్వులో చాలా భాగం ఈ గానుగల పనే. చివరి నెలల్లో ఉమ్మనీటిలో నానుతున్నా బిడ్డ చర్మం చెడకుండా కాచింది ఆ పూతే.

బిడ్డ బయటికొచ్చాక పూత అవసరం తీరింది కానీ ఎద్దు వెంటనే ఆగదు. పుట్టిన తొలి వారాల్లో బిడ్డ చర్మం మీద జిడ్డు పెద్దవాళ్లతో పోల్చదగినంత ఉంటుందని 1980లోనే ఫ్రెంచి పరిశోధకులు కొలిచి చూపారు. తర్వాత అది మెల్లగా తగ్గుతూ వస్తుంది. అప్పుడు పడుకున్న గానుగ మళ్లీ లేచేది ఈడు వచ్చే వయసులోనే. పదిహేనేళ్లకు మొటిమలు తెచ్చేదీ, నెల బిడ్డకు పక్కు కట్టించేదీ ఒకటే యంత్రం.

కాబట్టి అవ్వ "ఎండిపోయింది" అన్న తల నిజానికి జిడ్డుతో నిండి ఉంది. చూపు మోసం చేసింది, అంతే. ఎండాకాలంలో నల్లరేగడి పొలం నెర్రెలు విచ్చి ఉంటే నీళ్లు చాలలేదని ఎవరైనా చెబుతారు. బిడ్డ తల మీది పక్కు కూడా అలాగే పగుళ్లుగా కనిపిస్తుంది కాబట్టి నూనె చాలలేదనుకుంటాం. ఇక్కడ పగిలింది నేల కాదు, నేల మీద పేరుకున్న అట్ట.

ఆ అట్ట ఎలా పేరుకుంటుందో ఆళ్లగడ్డ వాళ్లకు చెప్పడం తేలిక. శిల్పాలు చెక్కే ఊరది. గుడిలో విగ్రహానికి రోజూ నూనె పూసి, సరిగా కడగకుండా వదిలేస్తే ఏమవుతుందో చూసే ఉంటారు. గాలిలో దుమ్ము నూనెకు అంటుకుంటుంది. దాని మీద మరో పొర నూనె, మళ్లీ దుమ్ము. కొన్నాళ్లకు రాతి గీతలన్నీ పూడిపోయి ముఖకవళికే తెలియదు. బిడ్డ తల మీద దుమ్ము పాత్ర చచ్చిన చర్మకణాలది. మన చర్మం పైపొర నిత్యం రాలుతూ, అడుగు నుంచి కొత్త కణాలు పైకి వస్తుంటాయి. కింద పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి సుమారు నెల పడుతుంది. మామూలుగా ఒక్కొక్క కణంగా, కంటికి కనబడకుండా రాలిపోతాయి. జిడ్డు ఎక్కువైన చోట అవి ఒకదానికొకటి అతుక్కుని రేకులు రేకులుగా నిలిచిపోతాయి.

నూనె తిని బతికే జీవి

జిడ్డు, చచ్చిన కణాలు మాత్రమే అయితే ఇంత గొడవ ఉండదు. మూడో పాత్రధారి ఒకటుంది. దాని పేరు మలసీజియా. ఈస్టు జాతి బూజు, కంటికి కనిపించదు. 19వ శతాబ్దంలో దీన్ని చర్మపు పొలుసుల్లో గమనించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ షార్ల్ మలసే పేరే దీనికి పెట్టారు. మీ తల మీదా నా తల మీదా ఉంటుంది. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లోనే తల్లి చర్మం నుంచి, ఎత్తుకున్నవాళ్ల నుంచి వచ్చి స్థిరపడుతుంది. ఇది శత్రువు కాదు. అద్దె కట్టని కాపురస్తుడు.

దీనికి ఒక వింత లోపం ఉంది. 2007లో మలసీజియా గ్లోబోసా అనే రకం జన్యువులన్నిటినీ శాస్త్రవేత్తలు చదివారు. చాలా జీవులు తమ ఒంటికి కావలసిన కొవ్వు ఆమ్లాల్లో చాలావాటిని తామే తయారుచేసుకోగలవు. ఇది చేసుకోలేదు, ఆ పనికి కావలసిన జన్యువే దీనికి లేదు. వంట రానివాడు పూటకూళ్లింటి పక్కనే గది తీసుకున్నట్టు, ఇది ఎప్పుడూ జిడ్డు ఊరే చోటే మకాం పెడుతుంది. తల, కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల వెనక. పక్కు కట్టే చోట్లూ సరిగ్గా ఇవే.

జిడ్డును అది ఉన్నదున్నట్టు మింగలేదు. ముందు లైపేజులనే రసాయనాలను బయటికి వదిలి జిడ్డును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో తనకు నచ్చిన కొన్ని కొవ్వు ఆమ్లాలను తినేసి, మిగతావి అక్కడే వదిలేస్తుంది. భోజనం చేసి విస్తరి తీయకుండా లేచిపోయినట్టు. ఆ ఎంగిలి విస్తట్లో ముఖ్యమైనది ఒలేయిక్ ఆమ్లం. చర్మం పైపొరలో కణాల మధ్య గోడకు సున్నంలా పనిచేసే కొవ్వు పొరలు ఉంటాయి. ఒలేయిక్ ఆమ్లం వాటిలోకి దూరి సందులు చేస్తుంది. చుండ్రు వచ్చే తత్వం ఉన్న పెద్దవాళ్ల తల మీద బూజును పూర్తిగా తీసేసి, వట్టి ఒలేయిక్ ఆమ్లం రాసినా పొట్టు లేచింది. చుండ్రు రానివాళ్లకు అదే రాస్తే ఏమీ కాలేదు. అంటే జిడ్డు, బూజు మాత్రమే చాలవు, ఆ చర్మానికి ఓర్వలేని గుణం కూడా ఉండాలి. ఒకే ఇంట్లో పెద్దబిడ్డకు పక్కు కట్టి, చిన్నబిడ్డ తల నున్నగా ఉండటానికి ఇదొక కారణం కావచ్చు.

సందులు పడిన గోడను చూసి ఒళ్లు కంగారుపడుతుంది. కొద్దిగా వాపు, ఎరుపు వస్తాయి. గోడ కట్టే పని ముమ్మరమవుతుంది. కణాలు తొందర తొందరగా పైకొచ్చి, పూర్తిగా పండకముందే గుంపులుగా నిలిచిపోతాయి. పక్కు ఇంకా మందమవుతుంది, దాని కింద బూజుకు చల్లని నీడ దొరుకుతుంది. ఈ చక్రం ఎద్దు అలసిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది.

మరి పైనుంచి పోసిన నూనె?

ఇప్పుడు అవ్వ చేతిలోని ఆముదం గిన్నె దగ్గరికి వద్దాం. మాడుకు ఆముదం పెట్టడం మన ఇళ్లలో తరాల ఆచారం. మాడు పూడుతుందని, చలవ చేస్తుందని నమ్మకం. మాడు పూడటం మాత్రం నూనె చేతిలో లేదు. పుర్రె ఎముకలు వాటంతటవి పెరిగి, చాలామంది బిడ్డల్లో ఏడాది, ఏడాదిన్నర మధ్య ఆ ఖాళీని మూసేస్తాయి.

ఆముదం మామూలు వంటనూనెల కన్నా దాదాపు పది రెట్లు చిక్కన. అందుకే తల మీద నిలుస్తుంది, అందుకే కడిగినా తొందరగా వదలదు. విగ్రహం మీద పొరలు పేరుకోవడానికి ఇంతకన్నా అనువైన నూనె ఉండదు. పైగా మాడు మెత్తగా, లోపల కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడ చేయి పెట్టడానికి తల్లికి భయం. నూనె పోసేది అక్కడే, రుద్ది కడగనిదీ అక్కడే. పక్కు మాడు మీదే మందంగా ఎందుకు ఉంటుందో ఇప్పుడు ఊహించవచ్చు. నిజానికి మాడు కింద గట్టి పొర ఉంటుంది. వేళ్ల కొసలతో మెత్తగా రుద్దితే దానికేమీ కాదు.

వేరే నూనెల సంగతి కూడా చూడాలి. మన సీమలో చేతికి ముందు అందేది శనగనూనె, అంటే వేరుశనగ నూనె. మామూలు రకాల వేరుశనగ నూనెలో సుమారు సగం ఒలేయిక్ ఆమ్లమే, ఆలివ్ నూనెలో ఇంకా ఎక్కువ. బూజు వదిలిన ఎంగిలినే మనం సీసాతో కొని పోసినట్టవుతుంది. ఆలివ్ నూనెను పసిబిడ్డల కోసమని ఖరీదు పెట్టి తెప్పించుకునేవాళ్లు నంద్యాలలోనూ ఉన్నారు, వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. 2016లో వెలువడిన మాంచెస్టర్ అధ్యయనంలో 115 మంది నవజాత శిశువుల్లో కొందరికి ఆలివ్ నూనె, కొందరికి పొద్దుతిరుగుడు నూనె నాలుగు వారాలు రాశారు, కొందరికి ఏమీ రాయలేదు. నూనె రాసిన చర్మంలో తేమ కాస్త పెరిగింది కానీ, కణాల మధ్య కొవ్వు పొరలు ఏమీ రాయని బిడ్డల్లో అమరినంత పొందికగా అమరలేదు. పూర్తి నెలలు నిండి పుట్టిన బిడ్డల మాట ఇది. నెలలు నిండని బిడ్డలది వేరే లెక్క. బంగ్లాదేశ్ ఆసుపత్రిలో అలాంటి శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. నూనె మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చమంటే కుదరదు. ఎవరి చర్మం, ఏ నూనె, ఎంతసేపు అని అడగాలి.

వేరుశనగ నూనె గురించి ఇంకో మాట. ఎర్రబడి పగిలిన పసి చర్మం మీద వేరుశనగ నూనె ఉన్న పూతలు రాయడానికీ, తర్వాత ఆ బిడ్డలకు వేరుశనగ పడకపోవడానికీ సంబంధం కనిపిస్తోందని బ్రిటన్ పరిశోధకులు 2003లో చెప్పారు. చెనిక్కాయలు తినడం వేరు, రేగిన చర్మానికి ఆ నూనె పట్టించడం వేరు.

ఇంతా చెప్పి నూనె ముట్టుకోవద్దంటున్నానా? లేదు. నూనె పెట్టి వదిలేయడం వద్దంటున్నాను.

[బాక్సు] అడుగంటిన గిన్నె పద్ధతి

తెలుగులో మాడు అంటే రెండర్థాలు. ఒకటి బిడ్డ నడినెత్తి. రెండోది అన్నం అడుగంటితే గిన్నెకు పట్టేది. రెండో మాడును వదిలించడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. గరిటెతో గీకితే గిన్నె పాడవుతుంది, అందుకే ముందు నానబెడుతుంది. బిడ్డ మాడుకూ అదే పని. కొబ్బరినూనె కానీ, బేబీ ఆయిల్ పేరుతో దొరికే వాసన లేని ద్రవ పారాఫిన్ కానీ కొన్ని చుక్కలు తీసుకుని పక్కు ఉన్నచోట మాత్రమే రాయండి. కొబ్బరినూనెలో ఒలేయిక్ ఆమ్లం పదో వంతు కూడా ఉండదు. ద్రవ పారాఫిన్ పెట్రోలియం నుంచి వచ్చేది, బూజు దాన్ని తినలేదు. పావుగంట, ఇరవై నిమిషాలు నాననివ్వండి. పిల్లల మెత్తటి బ్రష్షుతోనో పలచటి నూలుగుడ్డతోనో గుండ్రంగా, ఒత్తకుండా రుద్దండి. వదిలినంత వదులుతుంది, మిగిలింది రేపటికి ఉండనివ్వండి. తర్వాత చేయాల్సిందే అసలు పని: పిల్లల షాంపూతో కడిగి, జిడ్డు మిగలకుండా గోరువెచ్చని నీళ్లు బాగా పోయండి. వారానికి రెండు మూడుసార్లు ఇలా చేస్తే చాలామందికి కొద్ది వారాల్లో తేడా తెలుస్తుంది. గోటితో గిల్లకండి. గిల్లితే నెత్తురు వస్తుంది, ఆ దారిన చీము పడుతుంది. సీకాయపొడి, బరకగా విసిరిన సున్నిపిండి ఈ కొన్నాళ్లూ తలకు వద్దు. వేపనూనె అసలే వద్దు, నోట్లోకి పోతే పసిబిడ్డకు ప్రమాదం. పక్కుతోపాటు నాలుగు వెంట్రుకలు ఊడొస్తే దిగులు పడకండి, మళ్లీ వస్తాయి.

పేరు ఎవరికి దక్కుతుంది?

ఈ పక్కు మామూలుగా పుట్టిన రెండు మూడు వారాల తర్వాత మొదలై, మూడు నెలల లోపు బాగా కనిపించి, ఆరు నెలల నుంచి ఏడాది మధ్య దానంతటదే పోతుంది. గానుగ ఆగింది కాబట్టి. దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. నాలుగో నెలలో ఆముదం మార్చినవాళ్లు కొత్త ఆముదానికి, అయిదో నెలలో ఖరీదైన షాంపూ కొన్నవాళ్లు షాంపూకు దండం పెడతారు. తొమ్మిదో నెలలోనో పదకొండో నెలలోనో అహోబిలంలోనో మహానందిలోనో పుట్టెంటికలు తీయిస్తారు. గుండు నున్నగా మెరుస్తుంది, ఇక పక్కు కట్టదు. మొక్కు చెల్లించడం వారి భక్తి, దాంతో నాకు పేచీ లేదు. కానీ అప్పటికి పక్కు ఎలాగూ సర్దుకునే వేళ అయ్యింది.

తనంతట తాను తగ్గే జబ్బుకు ఏ మందు వేసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. అందుకే పరిశోధకులు మందు వేసిన బిడ్డల్ని, వెయ్యని బిడ్డలతో పక్కపక్కన పెట్టి చూడమంటారు. అలాంటి అధ్యయనాలన్నిటినీ 2019లో కాక్రేన్ సంస్థ వెతికి జల్లెడ పట్టింది. ప్రపంచం మొత్తం మీద నిలబడ్డవి ఆరు, వాటన్నిటిలో కలిపి 310 మంది పిల్లలు. ఏ చికిత్స నిజంగా మేలైనదో ఆ ఆధారాలతో గట్టిగా చెప్పలేమని తేల్చింది. ఇంత మామూలు సమస్యకు ఇంత కొంచెం పరీక్ష! అంగట్లో మాత్రం "పక్కుకు ప్రత్యేకం" అన్న సీసాలకు కొదవ లేదు.

మెడికల్ షాపు ట్యూబు

నన్ను కలవరపెట్టేది ఆముదం కాదు, చీటీ లేకుండా చేతికొచ్చే ట్యూబు. "బిడ్డకు తల మీద పొట్టు లేస్తోంది" అనగానే స్టెరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీము ఇచ్చే అలవాటు మన ఊళ్లలో ఉంది. మూడు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది కాబట్టి మంచి మందని పేరొస్తుంది. పసిబిడ్డ బరువుతో పోలిస్తే ఒంటి చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ల కన్నా చాలా ఎక్కువ. పూసింది లోపలికి ఎక్కువ ఇంకుతుంది. గట్టి స్టెరాయిడ్ పలచటి చర్మాన్ని ఇంకా పలచన చేస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను చాలావాటిని వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి చేర్చింది. పెద్దవాళ్ల చుండ్రు షాంపూలు, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న పూతలు కూడా మీ అంతట మీరు బిడ్డకు వాడకండి. పక్కు మొండికేస్తే పిల్లల డాక్టరు కీటోకోనజోల్ వంటి బూజు మందునో, బాగా తేలికపాటి స్టెరాయిడ్‌నో కొద్దిరోజులకు రాస్తారు. ఏది, ఎన్ని రోజులు అన్నది వారి లెక్క.

[బాక్సు] ఇది పక్కు కాకపోతే

బిడ్డ తల గోక్కుంటూ, నిద్రపోకుండా చిరాకు పడుతుంటే, బుగ్గల మీద కూడా ఎర్రగా గరుకుగా ఉంటే అది ఎగ్జిమా కావచ్చు. వెంట్రుకలు గుండ్రంగా ఊడి మచ్చ పడితే తామరేమో చూడాలి. నంద్యాల ఎండల్లో నుదుటి మీద, మెడ మీద పేలే చిన్న చిన్న పొక్కులు చెమటకాయలు, వాటికి నూనె అసలే పనికిరాదు. చీము, చెడు వాసన, తడి కారడం, జ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పక్కు మెడ ముడతల్లోకి, చంకల్లోకి, గజ్జల్లోకి పాకి ఎర్రగా పచ్చిగా అయితే చూపించండి. పక్కుతోపాటు నెత్తుటి చుక్కల్లాంటి మచ్చలున్నా, బిడ్డ బరువు పెరగకపోయినా, విరేచనాలు తగ్గకపోయినా వాయిదా వేయకండి. ఇవి అరుదు, కానీ వాటి వెనక పెద్ద జబ్బు ఉండే వీలుంది. మాడు లోతుగా గుంటపడినా, ఉబ్బినా కూడా అంతే.

పురిటింట్లో బిడ్డ తల చూసేవాళ్లు తక్కువ. చలి అని, గాలి అని, దిష్టి అని పొద్దస్తమానం టోపీ పెట్టే ఉంచుతాం. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. పక్కు కనిపించే రోజులు సరిగ్గా వాటిలోనే పడతాయి. ఆరో వారంలో టీకా కూడా ఉంది. బరువు తూచి, తొడకు సూది వేసి పంపేలోపు ఒక్క నిమిషం అడగండి. బిడ్డ టోపీ తీసి చూపించండి.